వాలు, మార్పు రేటు పిల్లలకు అర్థమయ్యాయో లేదో పరీక్షించడం ఎలా?

రెండు బిందువులిచ్చి వాలు కనుక్కోమంటే పిల్లలు చకచకా చేసేస్తారు. వాళ్ల ముందే నీళ్ల ట్యాంకు పట్టిక ఒకటి పెట్టి, ఎంత వేగంగా నిండుతోందో చెప్పమంటే పెన్నులు ఆగిపోతాయి. నా క్లాసులో ఒకసారి ఇలా నడిచింది:

"వాలు ఎంత వచ్చింది?"
"6 సార్."
"6 అంటే ఏంటి?"
"ఎమ్ సార్."
"సరే, ఎమ్ అంటే?"
"వాలు సార్."

ఆ అబ్బాయికి అంతకుముందు వారమే ఈ పాఠంలో ఫుల్ మార్కులు వేసింది నేనే. తప్పు వాడిది కాదు, నేనిచ్చిన పేపరుది. అందులో ఎక్కడా "6 అంటే ఏంటి?" అని అడగలేదు.

కింద చెప్పేది ఒక పీరియడ్ పరీక్ష, మర్నాడు కొందరితో కాసేపు మాటలు, కొన్ని రోజులాగి రెండు ప్రశ్నల మళ్లీ పరీక్ష. సరళరేఖ పాఠం పూర్తయ్యాకే పెట్టండి. మధ్యలో పెడితే వాళ్లకు రానిదేదో, మనం ఇంకా చెప్పనిదేదో తేలదు.

1. ఏం పరీక్షిస్తున్నారో ముందు విడగొట్టుకోండి

"వాలు వచ్చా?" అనేది ఒక్క ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, అందులో ఐదు సంగతులున్నాయి. ఒకటి వచ్చినవాళ్లకు ఇంకొకటి రాకపోవచ్చు.

- లెక్క: రెండు బిందువుల నుంచి వాలు కట్టడం, అంటే వై తేడాను ఎక్స్ తేడాతో భాగించడం.
- అర్థం: వచ్చిన సంఖ్యను ప్రమాణాలతో సహా మామూలు వాక్యంలో చెప్పడం.
- స్థిరత్వం: సరళరేఖ మీద ఏ రెండు బిందువులు తీసుకున్నా రేటు మారదని, వక్రరేఖ మీద మారుతుందని తెలియడం.
- మార్పిడి: మాటల్లో, పట్టికలో, గ్రాఫ్‌లో, సమీకరణంలో అదే రేటును గుర్తుపట్టడం.
- గుర్తు: ధనం, ఋణం, సున్నా, నిర్వచితం కానిది, వీటి మధ్య తేడా.

ప్రశ్న రాయగానే పక్కన వీటిలో ఏదో ఒక మాట రాసుకోండి. పేపరంతా "లెక్క" అనే పడితే మీరు పరీక్షిస్తున్నది తీసివేత, భాగహారం.

ఇక్కడ మాటల సంగతి కొంచెం చెప్పాలి. "వాలు" అనగానే పిల్లల కళ్లముందు వచ్చేది ఒరిగి ఉన్న వస్తువు, వాలుకుర్చీ లాంటిది. అది కంటికి కనిపించే గుణం. మార్పు రేటుకు మన మాటల్లో దగ్గరగా ఉన్నది "చొప్పున". నిమిషానికి ఇన్ని చొప్పున, గంటకు ఇంత చొప్పున. ఎవరూ అడక్కుండా జవాబులో ఈ మాట పడిందంటే ఆ పిల్ల రెండు రాశులను కలిపి ఆలోచిస్తున్నట్టే. దిద్దేటప్పుడు నేను మొదట వెతికేది దీన్నే.

2. అంకెల ఎంపిక: ఇక్కడే సగం పని

(1, 2), (3, 6) ఇచ్చారనుకోండి. వాలు 2. కానీ ఈ రేఖ మూలబిందువు (0, 0) గుండా పోతుంది కాబట్టి, ఊరికే 6ను 3తో భాగించినా 2 వస్తుంది. తేడాలు తీయాలన్న సంగతే తెలియనివాళ్లకూ మార్కు పడుతుంది. (2, 1), (6, 5) ఇస్తే ఇంకో చిక్కు: వాలు 1, భిన్నాన్ని తలకిందులు చేసినా 1.

తప్పుదారులన్నీ వేరే వేరే జవాబుల దగ్గర తేలేలా అంకెలు ఎంచుకోవాలి. ఉదాహరణకు (2, 11), (6, 3):

- −2 వస్తే సరైనది.
- 2 వస్తే పైన తీసివేసిన వరుస ఒకటి, కింద తీసివేసిన వరుస ఇంకొకటి.
- −1/2 వస్తే ఎక్స్ తేడాను పైన పెట్టారు.
- 5.5 వస్తే మొదటి బిందువులోనే 11ను 2తో భాగించారు.
- −3 వస్తే ఒక్కో బిందువులోని అంకెలను వాటిలో వాటికే తీసివేశారు: 2 − 11, 6 − 3. తర్వాత −9ని 3తో భాగించారు.
- −12 వస్తే అసలు భాగించలేదు, −8లోంచి 4 తీసేశారు.

చివరిది అరుదుగా కనిపిస్తుంది. కానీ కనిపిస్తే అన్నిటికంటే ముందు దాన్నే పట్టించుకోవాలి. సూత్రం మర్చిపోతే మళ్లీ చెప్పొచ్చు. వాలు ఒక నిష్పత్తి అన్న ఊహే లేకపోతే సూత్రం పది సార్లు చెప్పినా నిలవదు.

1/2 వచ్చిందంటే మాత్రం రెండు దారులున్నాయి: రెండో బిందువులో 3ను 6తో భాగించి ఉండొచ్చు, లేదా తలకిందులు చేసి గుర్తు కూడా తప్పి ఉండొచ్చు. అందుకే జవాబుతో పాటు లెక్క చూపించమని పేపరు మీదే రాయండి.

పేపరు ప్రింటుకు ఇచ్చే ముందు చూసుకోండి:

☐ కనీసం సగం రేఖలు మూలబిందువు గుండా పోకూడదు.
☐ వాలు 1 గానీ −1 గానీ రాకూడదు.
☐ కనీసం ఒక పట్టికలో ఎక్స్ విలువల మధ్య ఎడం సమానంగా ఉండకూడదు.
☐ కనీసం ఒక గ్రాఫ్‌లో రెండు అక్షాల స్కేళ్లు వేరుగా ఉండాలి.
☐ కనీసం రెండు చోట్ల వాలు ఋణసంఖ్య కావాలి.
☐ సూత్రం పేపరు మీద ఎక్కడా ఉండకూడదు.

3. ప్రశ్నలు, ఈ వరుసలోనే

బిందువులిచ్చి వాలు కనుక్కోమనే ప్రశ్నను చివరికి నెట్టండి. దాన్ని మొదట పెడితే సూత్రం తలకెక్కి, తర్వాతి ప్రశ్నలన్నిటిలోనూ పిల్లలు బిందువుల కోసమే వెతుకుతారు. 40 నిమిషాల పీరియడ్‌కు కింది ఏడు సరిపోతాయి.

*3.1 పట్టిక*

ట్యాంకులోకి నీళ్లు వస్తున్నాయి. 0, 2, 5, 9 నిమిషాల దగ్గర చూస్తే 40, 52, 70, 94 లీటర్లు ఉన్నాయి. నీళ్లు వచ్చే వేగం పెరుగుతోందా, తగ్గుతోందా, ఒకేలా ఉందా? ఎలా తెలిసింది?

లీటర్ల తేడాలు 12, 18, 24. ఎడమ గడి వైపు చూడనివాళ్లంతా "పెరుగుతోంది" అని ధీమాగా రాస్తారు. నిమిషాల తేడాలు 2, 3, 4 అని గమనించినవాళ్లకు నిమిషానికి 6 లీటర్ల చొప్పున అని తేలుతుంది. పేపరు మొత్తంలో ఒక్క ప్రశ్నే ఉంచుకోవాలంటే నేను దీన్నే ఉంచుకుంటాను. "వాలు కనుక్కోండి" అని ఇందులో ఎక్కడా లేదు, అయినా అడిగేది అదే.

*3.2 సమీకరణం*

కొవ్వొత్తి వెలిగించి ఎక్స్ గంటలయ్యాక దాని ఎత్తు వై సెంటీమీటర్లు. వై = 24 − 3ఎక్స్. (అ) −3 ఏం చెబుతోంది? "వాలు" అనే మాట వాడకుండా రాయండి. (ఆ) 20 నిమిషాల్లో కొవ్వొత్తి ఎంత తగ్గుతుంది? (ఇ) 24 ఏం చెబుతోంది?

(ఆ) జవాబు 1 సెం.మీ. గంటకు 3 అని రాసినవాళ్లలో కొందరు ఇక్కడ చిక్కుకుంటారు. వాళ్ల దృష్టిలో 3 అనేది గంట పూర్తయ్యాక ఒక్కసారిగా జరిగే సంఘటన, మధ్యలో ఏమీ జరగదు.

*3.3 రెండు సైకిళ్లు*

దూరం-కాలం గ్రాఫ్ గీసి ఇవ్వండి. ఎర్ర సైకిల్ రేఖ (0, 10) నుంచి (5, 20) మీదుగా, నీలం సైకిల్ రేఖ (0, 0) నుంచి (5, 20) మీదుగా, రెండూ 8వ సెకను దాకా. దూరం మీటర్లలో. (అ) 3వ సెకను దగ్గర ఎవరు ముందున్నారు? (ఆ) అప్పుడు ఎవరు వేగంగా వెళ్తున్నారు? (ఇ) 5వ సెకను దగ్గర ఇద్దరి వేగం ఒకటేనా?

3వ సెకను దగ్గర ఎర్రది 16 మీటర్ల దగ్గర, నీలంది 12 దగ్గర ఉంటాయి. ముందున్నది ఎర్ర, వేగంగా పోతున్నది నీలం: సెకనుకు 4 మీటర్లు, ఎర్రది 2. పైనున్న రేఖే వేగవంతమైనదని రాయడం, రేఖలు కలిసిన చోట వేగాలూ కలిశాయని రాయడం మామూలుగా వచ్చే తప్పులు. 1987లో అమెరికా భౌతికశాస్త్ర విద్యా పరిశోధకురాలు లిలియన్ మెక్‌డెర్మాట్ బృందం ప్రచురించిన పరిశీలనలో యూనివర్సిటీ భౌతికశాస్త్ర విద్యార్థులు కూడా ఇలాగే ఎత్తునూ వాలునూ కలగలిపేసుకున్నారు. కాబట్టి మీ క్లాసులో సగం మంది తప్పు రాసినా కంగారు పడక్కర్లేదు. (అ), (ఆ) రెండూ పక్కపక్కనే అడగడం ముఖ్యం. విడిగా అడిగితే తికమక బయటపడదు.

*3.4 స్కేలు*

అడ్డంగా ఒక గడికి 1, నిలువుగా ఒక గడికి 5 అని గుర్తులు వేసిన గ్రాఫ్ మీద, 5 గడులు కుడికి పోతే 2 గడులు పైకెక్కే రేఖ. వాలు ఎంత? అదే రేఖను నిలువుగా గడికి 1 చొప్పున గీస్తే ఎలా ఉంటుంది? అప్పుడు వాలు మారుతుందా?

గడులు లెక్కపెట్టినవాళ్లకు 2/5 వస్తుంది. సరైనది 10ని 5తో భాగిస్తే వచ్చే 2. రెండో గ్రాఫ్‌లో రేఖ చాలా నిటారుగా కనిపిస్తుంది, వాలు మాత్రం 2 గానే ఉంటుంది. "వాలు" అనే మాట పిల్లలను కంటితో కొలిచేలా చేస్తుందని చెప్పానే, అది బయటపడేది ఇక్కడే.

*3.5 గుర్తులు*

చిన్న చిన్న ప్రశ్నలు చాలు. (3, 5), (8, 5) కలిపే రేఖ వాలు? (4, 1), (4, 9) కలిపే రేఖ వాలు? ఒకే స్కేలు మీద గీసిన రెండు రేఖల వాలు −5, 2 అయితే ఏ రేఖ ఎక్కువ నిటారుగా ఉంటుంది? ఏ వాలు విలువ పెద్దది? ఈ చివరి రెండూ ఒకే ప్రశ్న అనుకునేవాళ్లు ఉంటారు. నిటారుగా ఉండేది −5 రేఖ, పెద్ద విలువ 2.

*3.6 వక్రరేఖ*

చతురస్రం భుజం 1, 3, 4 సెం.మీ. అయినప్పుడు వైశాల్యం 1, 9, 16 చదరపు సెం.మీ. భుజం 1 నుంచి 3కు పెరిగినప్పుడు సగటు మార్పు రేటు ఎంత? 3 నుంచి 4కు? 1 నుంచి 4 వరకు మొత్తం మీద?

జవాబులు 4, 7, 5. మూడోదానికి 5.5 రాస్తే 4, 7ల సగటు తీశారన్నమాట. భుజాలు 1, 3, 5 ఇస్తే ఎడాలు సమానం కాబట్టి ఆ తప్పు పద్ధతిలోనూ సరైన జవాబే వచ్చేస్తుంది. అందుకే 4 పెట్టాను.

*3.7 చివరగా, లెక్క*

రెండో భాగంలోని (2, 11), (6, 3).

4. దిద్దడం: ముందు కుప్పలు, తర్వాత మార్కులు

ఎర్ర పెన్ను కాసేపు పక్కన పెట్టండి. పేపర్లన్నిటిలో 3.1 ఒక్కటే చదివి, జవాబును బట్టి కుప్పలుగా వేయండి. తర్వాత 3.2, అలాగే వరుసగా. ఒక పేపరు మొత్తం దిద్ది ఇంకో పేపరుకు పోతే ఆ పిల్లల ర్యాంకు తెలుస్తుంది తప్ప, క్లాసు ఎక్కడ ఆగిందో తెలియదు.

అర్థం అడిగే ప్రశ్నలకు 0 నుంచి 3 వరకు మార్కులు చాలు. 3.2 (అ)కు వచ్చే జవాబులతో చెబుతాను:

- 0: "−3 అంటే ఎక్స్ గుణకం." తప్పు కాదు, కానీ కొవ్వొత్తి గురించి ఏమీ చెప్పలేదు.
- 1: "కొవ్వొత్తి తగ్గుతోంది." దిశ తెలిసింది, ఎంతో తెలియలేదు.
- 2: "3 సెం.మీ. తగ్గుతుంది." ఎంతసేపట్లో?
- 3: "గంటకు 3 సెం.మీ. చొప్పున తగ్గుతుంది."

రెండుకూ మూడుకూ మధ్య గీత విషయంలో మెత్తబడకండి. "గంటకు" లేకపోతే అది రేటు కాదు, ఉత్త తగ్గుదల. ఇంకొకటి: "వెలిగించిన ప్రతి గంటకూ మూడు సెంటీమీటర్లు కరిగిపోద్ది" అని వాడుకభాషలో రాసినా మూడు మార్కులే. ఇక్కడ భాషకు మార్కులు కోసేస్తే, తర్వాతి పరీక్షలో మళ్లీ "ఎక్స్ గుణకం" అనే రాస్తారు.

5. మూడు నిమిషాల మాటలు

మర్నాడు ఐదారుగురిని ఒక్కొక్కరిగా పిలవండి. ఎక్కువ తప్పులున్నవాళ్లను కాదు. 3.7 సరిగ్గా చేసి 3.1, 3.3 తప్పినవాళ్లను. వాళ్లే సూత్రం వెనక దాక్కున్నవాళ్లు, మామూలు పరీక్షల్లో దొరకరు.

వాళ్ల పేపరే ముందు పెట్టి అడగండి:

- "7వ నిమిషం దగ్గర ట్యాంకులో ఎన్ని లీటర్లుంటాయి? ఎలా చెప్పావు?" జవాబు 82. దారి ముఖ్యం.
- "వేరే రెండు బిందువులు తీసుకుంటే ఇదే వస్తుందా? ఎందుకు?"
- "ఈ సంఖ్య ఇంకా పెద్దదైతే ట్యాంకు దగ్గర ఏం మారుతుంది?"

అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టేదాకా నోరు తెరవకండి. ఇది చెప్పినంత తేలిక కాదు. నాకు ఇప్పటికీ నాలుగు దగ్గరే నోరు దురద పెడుతుంది. "కరెక్ట్", "తప్పు" అనకండి. మొహం కూడా జాగ్రత్త, పిల్లలు మన కనుబొమలు చూసి జవాబు మార్చేస్తారు. వాళ్లన్న మాట అన్నట్టే ఒక కాగితం మీద రాసుకోండి.

6. ఏ తప్పుకు ఏ మందు

*పట్టికలో ఎడాలు చూడనివాళ్లు.* రెండు గడుల పక్కనా బాణాలు గీయించి రెండు వైపులా తేడాలు రాయించండి: ఇటు +2, అటు +12. తర్వాత "1 నిమిషానికి ఎంత?" అనే మూడో గడి కలపండి. మూడు వరుసలూ 6 రాగానే వాళ్ల మొహంలోనే తెలుస్తుంది.

*ఎత్తును వాలు అనుకునేవాళ్లు.* కాగితంలో ఒక సెకను వెడల్పున నిలువు చీలిక కోసి, గ్రాఫ్ మీద పెట్టి జరపండి. చీలికలో కనిపించే ముక్కలో ఒక్కో రేఖ ఎంత పైకెక్కిందో చెప్పమనండి. చీలిక ఎక్కడ పెట్టినా ఎర్రది 2, నీలంది 4. మిగతా గ్రాఫ్ మూసుకుపోవడంతో ఎవరు పైన ఉన్నారన్న ధ్యాస పోతుంది. ఐదు నిమిషాల పని, బోర్డు మీద అరగంట చెప్పినదానికంటే నయం.

*గడులు లెక్కపెట్టేవాళ్లు.* త్రిభుజం గీసే ముందు దాని రెండు భుజాల మీద అక్షాల నుంచి చదివిన విలువలు రాయాలని నియమం పెట్టండి.

*గుర్తు తప్పేవాళ్లు.* సూత్రం మళ్లీ చెప్పకండి. లెక్క మొదలుపెట్టకముందే, ఎడమ నుంచి కుడికి పోతుంటే రేఖ ఎక్కుతుందా దిగుతుందా అని రాయించండి. (2, 11) నుంచి (6, 3)కి దిగుతోందని ముందే రాసినవాళ్లు జవాబు 2 వస్తే తామే ఆగి వెనక్కి చూసుకుంటారు.

*సున్నాకూ నిర్వచితం కానిదానికీ తేడా తెలియనివాళ్లు.* ట్యాంకు దగ్గరికే తీసుకెళ్లండి. గ్రాఫ్ అడ్డంగా ఉంటే కాలం గడుస్తోంది, నీళ్లు మారడం లేదు: రేటు సున్నా. 3.5లోని (4, 1), (4, 9) రేఖలా నిట్టనిలువుగా ఉంటే ఒకే క్షణంలో ట్యాంకులో 1 లీటరూ ఉంది, 9 లీటర్లూ ఉన్నాయి. అలా ఉండదు. 8ని సున్నాతో భాగించలేకపోవడం దీని వెనకున్న లెక్క.

*భాగించకుండా తీసివేసేవాళ్లు.* రెండు ఏటవాలు బల్లలు గీయించండి: ఒకటి 2 అడ్డం, 1 ఎత్తు. ఇంకొకటి 6 అడ్డం, 5 ఎత్తు. రెండిట్లోనూ తేడా 1 మాత్రమే. ఏది ఎక్కడం కష్టమని అడగండి. తేడా ఒకటే అయినా బల్లలు ఒకేలా లేవని వాళ్లే చెప్తారు. ఆ మాట వాళ్ల నోటి నుంచి వచ్చాకే నిష్పత్తి ఎత్తండి.

అన్నీ ఒకే పీరియడ్‌లో చేయాలని చూడకండి. పెద్ద కుప్పలు రెండు తీసుకుని, ఒక్కోదానికి పది నిమిషాలు కేటాయించండి.

7. మనవైపు జరిగే పొరపాట్లు

- ఛాయిస్ ప్రశ్నల్లో తప్పు జవాబులు తోచినట్టు పెట్టడం. ప్రతి తప్పు ఎంపికా ఒక అసలైన తప్పుదారి నుంచి రావాలి, రెండో భాగంలోని జాబితాలా.
- సందర్భం ఇచ్చి, చివర "వాలు కనుక్కోండి" అనడం. పిల్లలు కథ వదిలేసి అంకెలు ఏరుకుంటారు.
- ప్రమాణాలు లేని జవాబుకు పూర్తి మార్కులు ఇవ్వడం.
- ఒక్క సరైన జవాబు చూసి "వచ్చేసింది" అనుకోవడం. పట్టిక, గ్రాఫ్, సమీకరణం మూడింటిలో కనీసం రెండు చోట్ల సరిగ్గా చెప్పాలి.
- పరీక్ష మధ్యలో క్లాసంతటికీ "తేడాలు తీయండర్రా" అని గుర్తుచేయడం. ఆ ఒక్క మాటతో 3.1 వృథా అయిపోతుంది.

8. మళ్లీ పరీక్ష: రెండే ప్రశ్నలు

నాలుగైదు రోజులు ఆగండి. వెంటనే పెడితే మీ మాటలే మీకు తిరిగొస్తాయి.

మొదటిది: ట్యాంకు ఖాళీ అవుతోంది. 0, 3, 4, 10 నిమిషాల దగ్గర 90, 75, 70, 40 లీటర్లున్నాయి. నీళ్లు పోయే వేగం ఒకేలా ఉందా? ఇదే వేగంతో పోతే ట్యాంకు ఎప్పుడు ఖాళీ అవుతుంది? లీటర్ల తేడాలు 15, 5, 30 అని గజిబిజిగా కనిపిస్తాయి. నిమిషానికి 5 లీటర్ల చొప్పున అని తేలితే 18వ నిమిషం వస్తుంది.

రెండోది గ్రాఫ్ ఇవ్వకుండా గీయించండి: ఇద్దరు నడుస్తున్నారు, 4వ సెకను దగ్గర మొదటివాడు ముందున్నాడు, కానీ రెండోవాడు వేగంగా నడుస్తున్నాడు. ఇద్దరి రేఖలూ ఒకే గ్రాఫ్ మీద గీసి, ఒక్కొక్కరి వేగం రాయండి.

దీనికి ఒకే జవాబు లేదు, పక్కవాడి పేపరు చూసి దించడం కుదరదు. దిద్దేటప్పుడు ఇవి చూడండి:

☐ 4 దగ్గర మొదటివాడి రేఖ పైన ఉందా?
☐ రెండోవాడి రేఖకు వాలు ఎక్కువ ఉందా?
☐ రాసిన వేగాలు గీసిన రేఖలకు సరిపోతున్నాయా?
☐ వేగం పక్కన "సెకనుకు ఇన్ని మీటర్లు" అని ఉందా?

నాలుగూ ఉన్న పేపర్లు పక్కన పెట్టేయండి. మొదటి రెండూ ఉండి మూడోది లేనివాళ్లకు బొమ్మ వచ్చింది, అంకె రాలేదు. వాళ్లకు స్కేలు పాఠం ఇంకోసారి. మొదటిదే లేనివాళ్లను మళ్లీ కాగితం చీలిక దగ్గరికి పిలవండి.